రాజధాని మజిలీ

మూడేళ్ల ఒక నెల... ఒక రాష్ట్రానికి నడిబొడ్డుగా వెలిగిన కూడలి అది. రాజధాని వచ్చింది, గుడారాలు వేసుకుంది, మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. కూడలి మాత్రం అక్కడే ఉంది. నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి ఆ కూడలిదాకా సాగిన దారి వెంట ఒకసారి వెళ్లొద్దాం.

ఢిల్లీకి ఇండియా గేటు. హైదరాబాద్‌కు చార్మినార్. రాజధాని అనగానే ఊరి నడుమ ఒక కట్టడం, దాని చుట్టూ ఒక కూడలి, పొద్దస్తమానం అక్కడ తిరిగే జనం కళ్లముందు మెదులుతారు. తెలుగువాళ్లకు అలాంటి కూడలి ఇంకొకటి ఉంది. కాకపోతే దాని పేరు చెప్పగానే చాలామందికి రాజధాని గుర్తుకురాదు, మహేశ్‌బాబు గుర్తుకొస్తాడు!

అదే కర్నూలు కొండారెడ్డి బురుజు. 2003లో వచ్చిన 'ఒక్కడు' సినిమాతో ఆ రాతికట్టడం ఊరూరా తెలిసిపోయింది. 2020లో 'సరిలేరు నీకెవ్వరు' కోసం దాన్ని సెట్టుగా కూడా వేశారు. కానీ 'ఒక్కడు'కు సరిగ్గా 50 ఏళ్ల ముందు, 1953 అక్టోబరు 1న ఈ ఊళ్లో ఇంకో పెద్ద దృశ్యం నడిచింది. స్వతంత్ర భారతంలో భాష ప్రాతిపదికన పుట్టిన తొలి రాష్ట్రాన్ని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడే ప్రారంభించారు. 11 జిల్లాల ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. అప్పటికి ఊరి జనాభా 60 వేలకు అటూఇటూ!

కందెన దొరికిన చోటు

కర్నూలు అసలు పేరు కందెనవోలు అంటారు. దానివెనక ఒక కథ ఉంది. తుంగభద్ర అవతలి ఒడ్డున ఆలంపురంలో గుళ్లు కడుతున్న రోజుల్లో రాళ్లు మోసుకెళ్లే ఎద్దులబండ్లు ఏరు దాటేముందు ఇక్కడ ఆగేవట. బండివాళ్లు ఇరుసులకు కందెన రాసుకుని, ఎద్దులకు కాస్త ఊపిరి తీసుకోనిచ్చి, మళ్లీ బయల్దేరేవారట. కందెన దొరికే చోటు కందెనవోలు, అదే నోళ్లలో నలిగి కందనూలు, కర్నూలు అయింది. అంటే ఊరు పుట్టుకే ఒక మజిలీ!

తర్వాత విజయనగర రాజులొచ్చారు. 16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో ఇక్కడ కోట లేచిందని చెబుతారు. ఆ తర్వాత బీజాపూర్ సుల్తానుల ఏలుబడి, నవాబుల ఏలుబడి. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్‌ఖాన్ సమాధి గోల్‌గుమ్మజ్ ఆ కాలానిదే. 1839లో చివరి నవాబు గులాం రసూల్‌ఖాన్‌ను ఆయుధాలు పోగేస్తున్నాడన్న నెపంతో కంపెనీవాళ్లు పట్టుకుపోయారు. దాంతో కర్నూలు తెల్లవాళ్ల చేతికి వచ్చింది. కోటలో చాలాభాగం కాలగర్భంలో కలిసిపోయింది. మిగిలినవాటిలో పేరుమోసింది ఈ బురుజు.

ఆలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని ఇందులో బంధించారని, అందుకే ఆ పేరని ఊళ్లో చెప్పుకుంటారు. ఆయన సొరంగంలోంచి తప్పించుకున్నాడనీ, ఆ సొరంగం తుంగభద్ర కిందినుంచి గద్వాల దాకా పోతుందనీ ఇంకో కథ. సొరంగం సంగతేమోగానీ, పైనున్న దారులు మాత్రం అన్నీ ఇక్కడికే వస్తాయి. పాతూరు, కొత్తూరు కలిసే చోటు ఇది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగి పాతబస్తీని ముంచెత్తాయి. ఆ వరదనూ దాటుకుని బురుజు చెక్కుచెదరకుండా నిలబడింది.

నంద్యాలలో పెట్టిన పేరు

ఇంతకీ 60 వేల జనాభా ఉన్న ఊరికి రాజధాని ఎలా వచ్చింది? ఆ కథ కర్నూలులో మొదలుకాలేదు. 70 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నంద్యాలలో మొదలైంది.

1800లో నిజాం నవాబు తన సైనిక ఖర్చుల కింద ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. అప్పటినుంచి కాగితాల మీద దీని పేరు 'దత్తమండలాలు'. అంటే ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల! ఇక్కడి చదువుకున్నవాళ్లకు ఆ పేరు ముల్లులా గుచ్చుకునేది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షులు. ఆ సందర్భంగానే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడా నడిచింది. ఇచ్చేసిన పేరు వద్దు, ఏలిన రాయల పేరు పెట్టుకుందామని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించారు. సభ ఔనంది. అలా నంద్యాల గడ్డమీద 'రాయలసీమ' పుట్టింది. ఆ పేరును ఊరూరా నాటుకునేలా చేసిన ఘనతను కర్నూలుకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు ఇచ్చేవారూ ఉన్నారు.

పేరు దొరికింది. తర్వాత ప్రశ్న... వాటా మాటేమిటి? ఆంధ్ర రాష్ట్రం వస్తే నీళ్లూ చదువులూ కొలువులూ కోస్తావాళ్లకే పోతాయేమోనని సీమ నాయకులకు గుబులు. దాన్ని తీర్చడానికి 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు 'శ్రీబాగ్'లో రెండు ప్రాంతాల పెద్దలూ కూర్చున్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, తుంగభద్ర, కృష్ణా, పెన్న నీళ్లలో సీమకు పదేళ్లపాటు మొదటి ప్రాధాన్యం, చట్టసభలో విస్తీర్ణాన్ని బట్టి సీట్లు అని రాసుకున్నారు. దాంతోపాటు ఇంకో మాట కూడా. రాజధాని, హైకోర్టు... రెండూ ఒకచోటే ఉండకూడదు. ఈ రెంటిలో ఏది కావాలో ముందుగా సీమ కోరుకోవాలి. అదే శ్రీబాగ్ ఒడంబడిక.

తర్వాతి సంగతి తెలిసిందే. 1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58 రోజుల తర్వాత, డిసెంబరు 15న కన్నుమూశారు. నాలుగు రోజులకు, 19న, రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించారు. మద్రాసు నగరం దక్కలేదు. బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలే ఆంధ్రకు వచ్చాయి, మిగతావి మైసూరుకు పోయాయి. మరి రాజధాని? విజయవాడ, గుంటూరు పేర్లు గట్టిగానే వినిపించాయి. చివరికి శ్రీబాగ్ మాట నెగ్గింది. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు.

గుడారాల్లో సర్కారు

నిర్ణయమైతే జరిగిపోయింది. తీరా చూస్తే సచివాలయానికి భవనం లేదు, ఉద్యోగులకు ఇళ్లు లేవు. ఉన్న భవనాల్లో పట్టినన్ని కచేరీలు పెట్టారు. మిగతావాటికి గుడారాలు వేశారు. ఫైళ్లు గుడారాల్లో, గుమాస్తాలు గుడారాల్లో! మద్రాసు మెరీనా గాలికి అలవాటుపడ్డ ఉద్యోగులు కర్నూలు ఎండకు ఎలా అల్లాడి ఉంటారో ఊహించుకోవచ్చు. 'గుడారాల రాజధాని' అన్న మాట అలా పుట్టిందే.

ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు, ఉపముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి, గవర్నరు చందూలాల్ త్రివేది. ఆ చిన్న ఊళ్లో పెద్దపెద్ద వాళ్లంతా నాలుగడుగుల దూరంలోనే ఉండేవారు. నంద్యాల రైతుకు కేసీ కాలువ నీళ్ల తగువు వచ్చినా, ఆళ్లగడ్డ మనిషికి భూమి గొడవ వచ్చినా పొద్దున బయల్దేరితే సర్కారు గడప తొక్కవచ్చు. అప్పటిదాకా ఆ గడప మద్రాసులో ఉండేది మరి. నంద్యాల వాళ్లు రైల్లో డోన్ దాకా వెళ్లి, అక్కడ బండి మారి కర్నూలు చేరేవారు. ఆళ్లగడ్డ వాళ్లకు నంద్యాల, పాణ్యం, ఓర్వకల్లు మీదుగా రోడ్డుదారి. ఇప్పటికీ అదే దారి.

సర్కారుకు సుఖం మాత్రం లేదు. మద్యనిషేధం మీద రేగిన రగడలో 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నాలుగు నెలలకు పైగా రాష్ట్రపతి పాలన నడిచింది. 1955 ఎన్నికల్లో కాంగ్రెసు కూటమి 196 స్థానాల్లో 146 గెలుచుకుంది. బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాదిన్నర తిరిగేసరికి విశాలాంధ్ర వచ్చేసింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అసెంబ్లీ భవనం, సచివాలయం, హైకోర్టు, అన్నీ సిద్ధంగా ఉన్న హైదరాబాద్‌కు రాజధాని తరలిపోయింది. గుంటూరు హైకోర్టూ అదే దారి పట్టింది. గుడారాలు పీకేశారు.

ఇక్కడ పటంలో ఒక తమాషా చూడాలి. 1953లో కర్నూలు దగ్గర తుంగభద్ర దాటితే హైదరాబాద్ రాష్ట్రం. అంటే ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని సరిగ్గా అంచున కూర్చుంది! 1956లో ఆ అంచు చెరిగిపోయి, కర్నూలు రాష్ట్రం మధ్యకొచ్చింది. కానీ అప్పటికి రాజధాని లేదు. 2014లో ఆంధ్రప్రదేశ్ రెండుగా విడిపోయాక అదే తుంగభద్ర మళ్లీ ఎల్ల అయింది. ఆలంపురం తెలంగాణలో, కర్నూలు ఆంధ్రప్రదేశ్‌లో. ఊరు కదల్లేదు, చుట్టూ గీతలే మారుతూ వచ్చాయి.

బాన్ ఏం చేసింది?

రాజధాని పోగొట్టుకున్న ఊళ్లు లోకంలో చాలానే ఉన్నాయి. 1911 డిసెంబరులో కలకత్తా నుంచి రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్లు అయిదో జార్జి చక్రవర్తి ప్రకటించాడు. 1960లో బ్రెజిల్ రాజధాని రియో డి జనీరో నుంచి కొత్తగా కట్టిన బ్రసీలియాకు వెళ్లింది. కలకత్తాకు రేవుంది, రియోకు సముద్రముంది. రెండూ మహానగరాలు, తట్టుకున్నాయి.

కర్నూలుతో పోల్చదగ్గది జర్మనీలోని బాన్. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1949లో పశ్చిమ జర్మనీకి అనుకోకుండా రాజధాని అయిన చిన్న ఊరది. బెర్లిన్ దక్కేదాకా తాత్కాలికమనే అనుకున్నారు. ఆ ఊరి నడిబొడ్డున పాత మార్కెట్ కూడలి, దాని ఒక చివర పాత పురపాలక భవనం మెట్లు. తొలి అధ్యక్షుడు థియోడర్ హోయిస్ 1949లో జనంతో మాట్లాడింది ఆ మెట్లమీది నుంచే. 1962లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్, 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ అక్కడే నిలబడ్డారు. కూరగాయలమ్మే అంగడి కూడలే ఒక దేశానికి వేదిక అయింది.

జర్మనీ ఒక్కటయ్యాక 1991లో పార్లమెంటు స్వల్ప ఆధిక్యంతో బెర్లిన్‌కే ఓటేసింది. అయితే బాన్‌ను ఒట్టి చేతులతో వదల్లేదు. 1994లో చట్టం చేశారు. కొన్ని మంత్రిత్వశాఖల ప్రధాన కార్యాలయాలను అక్కడే ఉంచారు. తపాలా, టెలికాం సంస్థలు అక్కడే స్థిరపడ్డాయి. ఐక్యరాజ్యసమితి కార్యాలయాలొచ్చాయి. 1999లో పార్లమెంటు బెర్లిన్‌కు వెళ్లిపోయేనాటికి బాన్ తన కొత్త బతుకుకు దారి వేసుకుంది.

మరి కర్నూలుకు? 1957లో వైద్యకళాశాల వచ్చింది. ఎన్నో ఊళ్ల పేదలకు దాని ఆసుపత్రి పెద్దదిక్కయింది, కాదనలేం. కానీ రాజధాని పోయినందుకు ఏమిస్తారన్నది బాన్‌లోలా ముందే చట్టంలో రాసుకోలేదు. శ్రీబాగ్ పెద్దమనుషుల మాట, పెద్దమనుషుల మాటగానే ఉండిపోయింది. సీమలో ఈనాటికీ ఆ పేరు వినగానే గొంతులు పెరగడానికి కారణం అదే.

పంపిన ఊరు

రాజధాని ఇటు రాకపోయినా ఇటునుంచి రాజధానికి వెళ్లినవాళ్లకు లోటులేదు. కర్నూలు పక్కనే ఉన్న పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. కోట్ల విజయభాస్కరరెడ్డి రెండుసార్లు ఆ కుర్చీ ఎక్కారు.

నంద్యాల అయితే ఏకంగా ఢిల్లీకే పంపింది! 1977లో రాష్ట్రమంతా కాంగ్రెసు గాలి. 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఆ పార్టీకే. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతాపార్టీ తరఫున గెలిచింది, ఒకప్పుడు కర్నూలు గుడారాల సర్కారులో ఉపముఖ్యమంత్రిగా ఉన్న నీలం సంజీవరెడ్డే. ఆ గెలుపుతో లోక్‌సభ స్పీకరయ్యారు, అదే ఏడాది జులైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. 1991లో ప్రధాని అయిన పి.వి.నరసింహారావు పార్లమెంటుకు ఎన్నికైందీ నంద్యాల ఉపఎన్నికలోనే. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీకే దిగలేదు. ఆధిక్యం 5 లక్షల 80 వేల పైచిలుకు!

ఒక రాష్ట్రపతిని, ఒక ప్రధానిని పంపిన ఊరు. అయినా కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే మాత్రం నంద్యాల వాళ్లు 2022 దాకా కర్నూలు బస్సెక్కాల్సిందే. ఆళ్లగడ్డ పల్లెల వాళ్లకైతే రానూపోనూ 200 కిలోమీటర్లు దాటే ప్రయాణం. ఒకరోజు కూలి, బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం. అన్నీ పెట్టుకుని వెళితే 'సారు మీటింగులో ఉన్నారు, రేపు రా' అన్న జవాబు వస్తే? రేపంటే ఇంకో కూలి, ఇంకో బస్సు. రాజధాని ఎక్కడుండాలన్న చర్చ పేపర్లలో గొప్పగానే ఉంటుంది. పల్లెలో ఆ చర్చకు లెక్క కిలోమీటర్లలో, కూలి రోజుల్లో తేలుతుంది.

మళ్లీ చిగురించిన ఆశ

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కర్నూలు పాత కాగితాలు మళ్లీ బయటికి తీసింది. 1956లో హైదరాబాద్ కోసం వదులుకున్నాం, ఇప్పుడు హైదరాబాద్ లేదు కాబట్టి మాది మాకివ్వండి అన్నది వాదన. కృష్ణా, గుంటూరుల మధ్య కొత్త నగరం వైపు ప్రభుత్వం మొగ్గింది. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2019లో హైకోర్టు కూడా అక్కడికే వచ్చింది. అంటే శ్రీబాగ్‌లో వద్దనుకున్నట్లే రెండూ ఒకచోటికి చేరాయి.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. అందులో కర్నూలుకు న్యాయరాజధాని. 2020లో చట్టం కూడా అయింది. ఇక్కడ సంబరాలు... అక్కడ అమరావతికి భూములిచ్చిన రైతుల కన్నీళ్లు. వాళ్ల బాధా నిజమే, భూమి ఇచ్చినవాడికి మాటే కదా పూచీ! 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. 2022 మార్చి 3న అమరావతిని కట్టాల్సిందేనని హైకోర్టు తీర్పిచ్చింది. 2024 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం అమరావతే ఏకైక రాజధాని అంది. కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని అదే ఏడాది నవంబరులో శాసనసభ తీర్మానించింది.

ఒక చివర శ్రీబాగ్ మాట, ఇంకో చివర అమరావతి రైతుకిచ్చిన మాట. రెండూ పెద్దలు ఇచ్చినవే. ఒకటి నిలబెట్టుకోవడానికి ఇంకోటి తప్పనక్కర్లేదు. ఆళ్లగడ్డ కక్షిదారుకు హైదరాబాద్ అయినా అమరావతి అయినా ఇంచుమించు ఒకటే... 300 కిలోమీటర్ల దారి. అమరావతికైతే నల్లమల దాటి గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట మీదుగా పోవాలి. బెంచి వస్తే అందులో సగానికి పైగా తగ్గుతుంది. అతనికి కావాల్సింది హోదా కాదు, దగ్గరితనం.

కూడలికే వచ్చే దేవుడు

దగ్గరితనం అంటే ఏమిటో ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఏటా సంక్రాంతి వెళ్లగానే కనుమరోజు నుంచి అహోబిలం నరసింహస్వామి పార్వేట ఉత్సవం మొదలవుతుంది. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు పల్లకిలో కొండ దిగుతారు. బాచేపల్లితో మొదలుపెట్టి 40 రోజులకు పైగా 30కి మించిన పల్లెలు తిరుగుతారు. తన పెళ్లికి రమ్మని జనాన్ని ఆ స్వామే స్వయంగా పిలుస్తాడని నమ్మకం. ఆ పెళ్లే ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవం. ప్రతి ఊళ్లో పల్లకిని దించే కట్టడాన్ని 'తెలుపు' అంటారు. ఊరందరూ చేరేది అక్కడికే. ఎవరూ కొండెక్కి వెళ్లక్కర్లేదు, ముసలీముతకా ఇంటిముందు నిలబడే దణ్ణం పెట్టుకోవచ్చు. ఏలేవాడే ఊరి నడిమధ్యకు వచ్చి కూర్చోవడమన్నమాట!

ఆళ్లగడ్డది ఇంకో గొప్ప కూడా ఉంది. ఇక్కడి శిల్పుల ఉలికి దేశమంతా పేరు. నల్లరాతిని దేవుణ్ణి చేసి పంపే ఊరిది. ఇక్కడి రాతిశిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆళ్లగడ్డలో పుట్టి, లారీ ఎక్కి, ఎక్కడో ఏ గుడిలోనో కొలువుదీరే విగ్రహాలు ఎన్నో. ఒకప్పుడు ఆలంపురానికి రాళ్లు మోసిన బండ్లలాగే ఈ లారీలూ కర్నూలు దారి పడుతుంటాయి.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. శ్రీశైలం, అహోబిలం, మహానంది, యాగంటి అన్నీ ఈ జిల్లాలోకే వచ్చాయి. కొత్త కచేరీలు ముందుగా ఉన్న భవనాల్లోనే సర్దుకున్నాయి. 1953 నాటి కర్నూలు గుర్తుకురావడం లేదూ? వరి, పత్తి వంగడాలకు పేరున్న ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906 నాటిది. దాని భూముల్లోంచి వైద్యకళాశాలకు స్థలం తీసుకున్నప్పుడు రైతులు అడ్డం తిరిగారు. విత్తనం పోతే ఎలా అన్నది వాళ్ల ప్రశ్న. కళాశాల 2023 సెప్టెంబరులో మొదలైంది. ఊరికి హోదా వస్తే లాభమే కాదు, దానికి చెల్లించే ధర కూడా ఉంటుందని నంద్యాలకు అప్పుడే తెలిసొచ్చింది. అయినా ఆళ్లగడ్డ మనిషికి కలెక్టరు ఇప్పుడు నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నాడు. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. మిగిలిన సగం రోజు అతనిదే!

బండి మళ్లీ ఆగేనా?

కర్నూలుతో తెగిపోయిందా మరి? అంత తేలిగ్గా తెగేది కాదు. సుంకేసులలో తుంగభద్ర నీళ్లు పట్టుకుని కర్నూలు ఊరిమధ్యలోంచి సాగే కేసీ కాలువ నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలను తడిపి కడప వైపు పోతుంది. వినాయకచవితి తర్వాత కర్నూలు విగ్రహాలన్నీ వినాయక ఘాట్‌లో కలిసేది ఆ కాలువలోనే. పెద్దాసుపత్రికి, పెద్ద అంగళ్లకు ఇక్కడివాళ్లు ఇప్పటికీ అటే వెళ్తారు. జిల్లాలు రెండయినా కాలువ ఒక్కటే.

బురుజు దగ్గర సాయంత్రాలు ఎప్పటిలాగే రద్దీ. నాలుగువైపుల నుంచి వచ్చే ఆటోలు, పండ్ల బండ్లు, బురుజు ముందు ఫొటోలు దిగే కుర్రాళ్లు. మూడేళ్ల ఒక నెలపాటు ఇది రాష్ట్రానికి నడిబొడ్డని చెబితే వాళ్లలో కొందరు నవ్వుతారు కూడా. తప్పు వాళ్లది కాదు. రాజధాని వెళ్తూ వెళ్తూ ఇక్కడ గుర్తుగా ఏమీ వదలలేదు మరి. కందెన రాసుకుని బయల్దేరిన బండి ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూస్తుందా?

చూడకపోయినా ఫర్వాలేదు. హైకోర్టు బెంచి రూపంలోనో, ఇంకో రూపంలోనో పాత బాకీలో కొంతైనా తీరిస్తే చాలు. దారి పొడవునా కందెన ఇచ్చిన ఊరికి అదేమీ పెద్ద కోరిక కాదు.